అహం సెలవులో ఉంది

కాలవలో నీళ్ళు సరిగా పారకపోవడానికి కారణం గుర్రపుడెక్క కాదనీ, పూడిక అంతకన్నా కాదనీ, లాకుల మీద పనిచేసే ఉద్యోగుల వ్యక్తిత్వానికి సరైన నిర్మాణం లేకపోవడమేననీ జలవితరణ శాఖవారు ఒక మంచి ముహూర్తాన కనిపెట్టారు. కనిపెట్టింది ఏ కాలవగట్టు మీదో కాదు, కొండమీద ఒక చల్లటి ఊళ్ళో జరిగిన సదస్సులో. అక్కడ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎవరో పెద్దమనిషి మనిషి మనసు లోపల ఎలా ఉంటుందో గోడమీద బొమ్మ వేసి చూపించాడట. శాఖాధిపతిగారు కునుకులోంచి లేచేసరికి ఎదురుగా ఆ బొమ్మే ఉంది. ఆయన దాన్ని కొత్త రెగ్యులేటరు ప్లాననుకుని, "బాగుంది, అమలు చెయ్యండి" అన్నారు. పెద్దవారి నోట ఒకసారి వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోయే అలవాటు ఆ శాఖలో లేదు.

ఇలాంటి జ్వరాలు శాఖకు కొత్త కూడా కాదు. అంతకు ముందొకసారి మనుషులు రెండు రకాలన్నారు, అంతర్ముఖులూ బహిర్ముఖులూ అని. అంతర్ముఖుల కుర్చీలు గోడవైపుకూ, బహిర్ముఖుల కుర్చీలు వీధివైపుకూ తిప్పించారు. ఆ ఏడాదంతా అర్జీ పట్టుకొచ్చిన రైతుకు సగంమంది గుమాస్తాల వీపులే దర్శనమయ్యాయి. తరవాత వ్యక్తిత్వానికి ఐదు లక్షణాలుంటాయని తేలింది. ఐదూ ఉన్నవాడే పూర్తి ఉద్యోగి అని ఉత్తర్వు ఇచ్చాక చూసుకుంటే, ఐదోది మనోవ్యాకులత. అది చాలినంత లేదని కుదురైన మనుషులందరికీ మెమోలు ఇచ్చారు. మెమోలు అందుకున్నాక అందరికీ అది పుష్కలంగా వచ్చింది.

ఈసారి వచ్చిన సిద్ధాంతం మూడు భాగాలది. మనిషిలో అడుగున అచిత్తు అనేది ఒకటుంటుందట. అది మిఠాయికొట్టు ముందు చంటిపిల్లాడి లాంటిది, కావాలంటే ఇప్పుడే కావాలి. పైన అధ్యహం ఉంటుంది. అది బెత్తం పట్టుకున్న బడిపంతులు, తప్పు తప్పు అనడమే దాని పని. ఈ రెండిటి మధ్యా కూర్చుని తగవు తీర్చి, జరగవలసిన పని జరిపించేది అహం. సదస్సులో ఈ ముగ్గురికీ ఇంగ్లీషు పేర్లే ఉండేవి. ఉత్తర్వు తెలుగులోనే ఉండాలని భాషా విభాగంవారు పట్టుబట్టి, ముగ్గురికీ నామకరణం చేసి పంపారు. కొంప ముంచింది ఆ నామకరణమే.

ఎందుకంటే ఆ ఉత్తర్వు మొట్టమొదట దిగింది గోదారి లంకల్లో, మునగలంక లాకుల దగ్గర. ఆ సీమలో మనుషులు గేదెను అదిలించేటప్పుడు కూడా "కాస్త జరగండి" అంటారు. తిట్టుకున్నా "తమరి తలకాయలో గుజ్జు లేదండి" అని మర్యాదగానే తిట్టుకుంటారు. అలాంటి చోట అహమంటే ఒకటే అర్థం, తలపొగరు. ఫలానావాడికి అహం ఉందంటే వాడింటికి పిల్లనివ్వరు.

ఆ లాకుల మీద లస్కరు గుబ్బల బుల్లెంకన్న. లస్కరంటే లాకు తలుపులు ఎత్తేవాడూ దించేవాడూ. బుల్లెంకన్న టెంపరవరీ లస్కరు. ఎంత టెంపరవరీ అంటే, ఆయన పనిలో చేరాక కాలవ మీద కట్టిన పర్మినెంటు వంతెన కూలిపోయింది, దాని చోట ఇంకో పర్మినెంటు వంతెన కట్టారు, అదీ బీటలు వారింది. బుల్లెంకన్న మాత్రం చెక్కు చెదరకుండా టెంపరవరీగానే ఉన్నాడు. ఇన్నాళ్ళకు ఫైలు కదిలింది. పర్మినెంటయితే ఇప్పుడుంటున్న లాకు పక్క పెంకుటింట్లోనే దర్జాగా ఉండవచ్చు. కాకపోతే ఇల్లు ఖాళీ చేసి, భార్య మంగాయమ్మనూ, గేదెనూ తోలుకుని ఎటో ఒకవైపు పోవాలి. ఫైలుకు ఒక్క కాగితం తక్కువైందని ఇంజనీరు జోగారావు చెప్పాడు. వ్యక్తిత్వ నిర్మాణం సరిగా ఉన్నట్టు ధ్రువపత్రం.

"అదెంత పనండి. నా వ్యక్తిత్వం గురించి ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారండి" అన్నాడు బుల్లెంకన్న.

ధ్రువపత్రం ఇవ్వడానికి పట్నం నుంచి డాక్టర్ కళానిధి అనే ప్రత్యేకాధికారి జీపులో వచ్చాడు. ఆయన సూది మందు డాక్టరు కాడు, పుస్తకాల డాక్టరు. వస్తూనే లాకు ఆఫీసు అరుగు మీద తెర కట్టించి, సముద్రంలో తేలే మంచుకొండ బొమ్మ వేసి, మనసులో ముప్పాతిక భాగం ఇలాగే నీటి కింద ఉంటుందని ఉపన్యసించాడు. వినడానికి వచ్చిన నీటి సంఘం ప్రెసిడెంటు చిట్టిరాజు ఆ మంచును రొయ్యల పెట్టెల్లోకి పగలగొట్టి ఇస్తారా అని అడిగాడు. డాక్టరు ఆ ప్రశ్నను ప్రజల అవగాహన స్థాయి కింద రాసుకుని, ఉద్యోగులను ఒక్కొక్కరినే లోపలికి పిలిచాడు.

బుల్లెంకన్న భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు కాగితం చూసి ప్రశ్న చదివాడు.

"నీలో అహం ఉన్నదా? ఉన్నచో ఎంత?"

ఎవరో గిట్టనివాళ్ళు చాడీలు ఎక్కించి ఉంటారనుకున్నాడు బుల్లెంకన్న. రెండు చెవులూ పట్టుకుని, "అహమా అండి? నాకా అండి? మా ఇంటా వంటా లేదండి బాబుగారు" అన్నాడు.

"సరిగా ఆలోచించుకో. కొద్దిగా కూడా లేదా?"

"ఆవగింజంత ఉందని తేలితే నా నాలిక తెగ్గొయ్యండి."

డాక్టరు విచారంగా తల ఊపి ఏదో రాసుకున్నాడు. తన వినయానికి ఆయన కరిగిపోయాడని బుల్లెంకన్న సంతోషపడి, గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచి బయటకొచ్చాడు. తరవాత వెళ్ళినవాళ్ళంతా ఆ వరసే. ఒకరు లేదంటే ఇంకొకరు తన ఏడు తరాల్లో లేదన్నారు. చివరికి ఇంజనీరు జోగారావు, పట్నం అధికారి ముందు తగ్గి ఉండడం మంచిదని, చదువుకునే రోజుల్లో కొద్దిగా ఉండేదనీ, శాఖలో చేరాక పూర్తిగా నయమైందనీ విన్నవించుకున్నాడు.

మిగిలింది వాచ్‌మన్ దొరబాబు. అతను పుట్టుకతోనే పర్మినెంటు ఉద్యోగి లాంటివాడు. పగలంతా లాకు గట్టున మడతమంచం మీద పడుకుంటాడు, ఆ సీమలో పుట్టి కూడా ఎవరికీ "అండి" పెట్టడు. డాక్టరే మంచం దగ్గరకు నడిచి, అహం ఉన్నదా అని అడిగాడు.

దొరబాబు ఒక కన్ను తెరిచాడు. "ఉంది. అయితే ఏంటంట?"

పొద్దుటి నుంచీ ఆ ఒక్క మాట కోసం మొహం వాచిపోయి ఉన్న డాక్టర్ కళానిధికి కళ్ళు చెమర్చాయి.

పై వారానికి ఉత్తర్వు వచ్చింది. జోగారావు దాన్ని అరుగు మీద నిలబడి చదివాడు. "మునగలంక సెక్షను సిబ్బంది యావన్మందిలోనూ అహం శూన్యమని శాస్త్రీయముగా నిర్ధారణ అయినది. అహం లేని వ్యక్తి నిర్ణయములు తీసుకొనుటకు అనర్హుడు. ఏకైక అహం శ్రీ దొరబాబు వద్ద నిల్వ ఉన్నది. కావున ఇకమీదట లాకు తలుపులు ఎత్తుట, దించుట సదరు అహం అనుమతితో మాత్రమే జరుగవలెను." దాని ప్రకారం దొరబాబు సెక్షనుకు అహం అయ్యాడు. ఇంజనీరు జోగారావును అధ్యహంగా వేశారు, ఆయన ఎలాగూ ఎవరేమడిగినా కుదరదంటాడు కనుక. బుల్లెంకన్న అచిత్తు. ఆ పేరు విని ఆయన తనను చిత్తు కాగితాల కింద జమకట్టారేమోనని భయపడ్డాడు. కాదు, కోరికలు కోరడమే నీ ఉద్యోగమని జోగారావు ధైర్యం చెప్పాడు.

ఇక పని జరిగే తీరు ఇదీ. చేలకు నీళ్ళు కావాలని రైతులు వస్తే, ముందు బుల్లెంకన్న అచిత్తు హోదాలో నేల మీద కాలు తన్ని "ఇప్పుడే ఎత్తాలి" అని అరవాలి. జోగారావు అధ్యహం హోదాలో "సిగ్గులేదా, నీటి మట్టం నియమాలేమయ్యాయి" అని గద్దించాలి. అప్పుడు మంచం మీది దొరబాబు ఇద్దరినీ సమన్వయపరచి ఎత్తమనో వద్దనో చెప్పాలి. మొదటిరోజు పరిశీలనకు డాక్టరే కూర్చున్నాడు. బుల్లెంకన్న చేతులు కట్టుకుని, "తలుపులు ఇప్పుడే ఎత్తాలండి, మరి తమరికి వీలుంటేనండి" అన్నాడు. అచిత్తుకు మర్యాద తెలియదనీ, అది ఆదిమ శక్తి అనీ డాక్టరు విసుక్కుని మళ్ళీ అరిపించాడు. రెండోసారి బుల్లెంకన్న బాగానే అరిచాడు గాని, అరిచాక ఇంజనీరుగారికి క్షమాపణ చెప్పుకున్నాడు. అదీ చెల్లలేదు. ఈ లోపల అహం గురక పెట్టింది. ఆ రోజు నీళ్ళు వదల్లేదు.

ధ్రువపత్రం మాటేమిటని బుల్లెంకన్న బతిమాలాడు. అహం లేనివాణ్ణి పర్మినెంటు చెయ్యడం శాస్త్రవిరుద్ధమని డాక్టరు తేల్చాడు. అయితే శాఖ దయగలది కనుక, లేనివాళ్ళలో దాన్ని మొలిపించడానికి "అహం ప్రేరణ శిబిరం" పెట్టింది. బుల్లెంకన్న రోజూ సాయంత్రం అద్దం ముందు నిలబడి "నేను" అనాలి. "అండి" నిషేధం. ఇంట్లో కూడా సాధన చెయ్యమన్నారు. ఆ రాత్రి భోజనానికి కూర్చుని, ఆయన గొంతు సవరించుకుని, "నేను పులుసు తింటాను" అన్నాడు.

మంగాయమ్మ గరిటె పట్టుకుని ఆగింది. "పులుసు కాచింది నేనండి. తింటే తినండి, లేకపోతే ఆ అద్దాన్ని వడ్డించమనండి."

పాపం బుల్లెంకన్న తన వైపు నుంచి ప్రయత్నలోపం లేకుండా చేశాడు. గేదెను "నువ్వు" అన్నాడు. అది ఆ పూట పాలివ్వలేదు. చివరికి పరీక్ష రోజు వచ్చింది. డాక్టరు ఎదురుగా కూర్చుని అడిగాడు, ఇప్పుడు నీలో అహం ఉన్నదా అని. బుల్లెంకన్న ఛాతీ విరిచి, గట్టిగా ఊపిరి పీల్చి చెప్పాడు.

"ఉందండి, తమ దయవల్ల."

తప్పాడు.

శ్రావణంలో వానలు ముంచెత్తాయి. ఎగువ నుంచి ఎర్రనీరు వచ్చి లాకు తలుపులకు కొడుతోంది. తలుపులెత్తి కిందికి వదలకపోతే గట్టు తెగి మునగలంక ఊరు ఊరంతా నీళ్ళలో కూర్చుంటుంది. మిట్టమధ్యాహ్నం వేళ చిట్టిరాజు, ఊరివాళ్ళూ గొడుగులేసుకుని వచ్చారు. ఈసారి బుల్లెంకన్న నిజంగానే అరిచాడు. జోగారావు ఉత్తర్వు ప్రకారం సిగ్గులేదా అని గద్దించాడు. ఇద్దరూ మడతమంచం వైపు చూశారు. మంచం ఖాళీ. దొరబాబు బావమరిది పెళ్ళికి వెళ్ళాడు. మంచానికి కాగితం కట్టి ఉంది, అహం సెలవులో ఉన్నదనీ తిరిగి వచ్చువరకు నిర్ణయములు వాయిదా వేయవలెననీ.

జోగారావు పట్నానికి ఫోను చేశాడు. డాక్టర్ కళానిధి విషయమంతా విని ఉత్సాహపడ్డాడు. అహం లేనప్పుడు అచిత్తుకూ అధ్యహానికీ మధ్య సంఘర్షణ ఎలా ఉంటుందో చూసే అవకాశం శాస్త్రానికి అరుదుగా దొరుకుతుందనీ, ఎవరూ జోక్యం చేసుకోకుండా జాగ్రత్తగా గమనించి నివేదిక పంపమనీ చెప్పి పెట్టేశాడు.

గట్టు పక్కన మట్టి పెళ్ళ ఒకటి విరిగి నీళ్ళలో పడింది. బుల్లెంకన్న ఇంజనీరు వైపు చూశాడు, ఖాళీ మంచం వైపు చూశాడు. తువ్వాలు నడుముకు బిగించి వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. తలుపులు ఒక్కొక్కటే లేచాయి. ఎర్రనీరు అడుగు నుంచి విరుచుకుపడి కిందికి పోయింది. ఊరు నిలిచింది.

నీళ్ళు తగ్గాక డాక్టర్ కళానిధే విచారణకు వచ్చాడు. విచారణకు ముందు జోగారావు బుల్లెంకన్నను పక్కకు పిలిచి, తలుపులు ఎలా లేచాయో తెలియదని చెప్పు, అంతటితో పోతుంది అని రహస్యంగా బోధించాడు. బుల్లెంకన్నకూ అదే నయమనిపించింది. అనుమతి లేకుండా ఎత్తానంటే ఉన్న టెంపరవరీ కూడా పోతుంది. తెలియదనడానికే నోరు తెరుచుకుని లోపలికి వెళ్ళాడు. కాని డాక్టరు ఆయన్ను అడగనే లేదు. తన నివేదిక తానే పైకి చదువుకుంటున్నాడు. అహం లేని వ్యక్తి నిర్ణయం తీసుకోవడం సిద్ధాంతరీత్యా అసంభవం, కావున బుల్లెంకన్న తలుపులు ఎత్తి ఉండడు, పెళ్ళిలో ఉన్నప్పటికీ శ్రీ దొరబాబుగారి అహం దూరం నుంచే పనిచేసినట్టు భావించవచ్చును.

"నేనే ఎత్తాను" అన్నాడు బుల్లెంకన్న.

డాక్టరు తల ఎత్తాడు. "ఏమన్నావు?"

"నేనే ఎత్తాను. ఆయన బూరెలు తింటన్నాడప్పుడు."

అందులో "అండి" లేదు. లేదన్న సంగతి అన్న మనిషికి కూడా గదిలోంచి బయటకొచ్చాక గాని తెలియలేదు. డాక్టరు కుర్చీలోంచి లేచి, శిబిరం ఫలించిందని ఆనందంగా ప్రకటించి, అప్పటికప్పుడు ధ్రువపత్రం రాసి సంతకం పెట్టాడు. అహం: సంపూర్ణం.

ఆ కాగితం పర్మినెంటు ఫైలులోకి వెళ్ళింది. వెళ్ళే దారిలో క్రమశిక్షణ విభాగం ఉంది. అక్కడివాళ్ళు సిద్ధాంతాలు చదవలేదు, తెలుగు చదివారు. సదరు ఉద్యోగికి అహం సంపూర్ణముగా ఉన్నదని నిపుణులే ధ్రువపరచారు, ఆ అహంతోనే పై అధికారుల ఉత్తర్వును ధిక్కరించి తలుపులు ఎత్తాడు, ఇంక ఆలోచించవలసిందేముంది అన్నారు. ఫైలు మాత్రం పర్మినెంటు చెయ్యమని పెట్టిన ఫైలు. దాన్ని మధ్యలో వదలడం పద్ధతి కాదు. రెండు పక్షాలకూ న్యాయం జరిగేలా ఉత్తర్వు తయారు చేశారు.

బుల్లెంకన్న దాన్ని తెచ్చి మంగాయమ్మ చేతిలో పెట్టి అరుగు మీద కూర్చున్నాడు.

"పర్మినెంటు చేశారండి" అన్నాడు.

"ఉద్యోగమాండి?"

"తీసెయ్యడం. శాశ్వత ప్రాతిపదికన తొలగించారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలంట."

మంగాయమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చూరులో దోపింది. తిట్టడానికి ఆవిడకు సరైన మాట దొరకలేదు. అంత పెద్ద శాఖను ఏమని తిట్టాలి?

కథ అక్కడ అయిపోయేదే. కాని ఊరు మునిగిపోలేదన్న కబురు పేపర్లో పడి, శాఖాధిపతిగారి దృష్టికి వచ్చింది. మునిగిపోతే వానలవల్ల అని రాయవచ్చు. మునగలేదు కనుక, ఎవరివల్లనో తేల్చాలి. మన త్రిముఖ వ్యక్తిత్వ పథకంవల్లనే అని ఆయన తేల్చేసి, లాకుల దగ్గరే సభ పెట్టించారు. అచిత్తు, అహం, అధ్యహం ముగ్గురూ వేదిక మీద వరసగా నిలబడాలి. పెళ్ళి నుంచి వచ్చిన దొరబాబుకు పట్టు శాలువా. అయితే అచిత్తు శాశ్వతంగా ఉద్యోగంలో లేడు. దాంతో జోగారావు పెంకుటింటికి పరుగెత్తుకొచ్చాడు. సభలో నిలబడి, "ఇందులో నాదేమీ లేదండి, అంతా శాఖవారి చలవ" అని ఒక్క మాట చెబితే చాలు, తొలగింపు రద్దు చేసి, ఆ వేదిక మీదే పర్మినెంటు ఉత్తర్వు చేతిలో పెడతారు. ఉత్తర్వు టైపయి, సంతకమై ఆయన జేబులోనే ఉంది. తీసి చూపించాడు కూడా.

జోగారావు వెళ్ళాక మంగాయమ్మ మొగుడి మొహం చూసింది.

"అనెయ్యండి. ఇన్నేళ్ళూ అందరిముందూ ఊరికే అన్నారు. ఈ ఒక్కరోజు ఉద్యోగానికి అనండి."

"అంటానండి. నాకేం కొత్తా?" అన్నాడు బుల్లెంకన్న. నిజంగానే అందామనుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన పంచె కట్టాడు. దారి పొడుగునా ఆ మాట నాలుక మీద తిప్పుకుంటూనే నడిచాడు. అది ఆయనకు పుట్టిన దగ్గర్నుంచీ వచ్చిన మాట, అద్దం ముందు నిలబడి నేర్చుకున్నది కాదు.

పందిరి నిండా జనం. శాఖాధిపతిగారు మాట్లాడారు. దొరబాబు శాలువా కప్పించుకుని, ఆవలించి, కూర్చున్నాడు. డాక్టర్ కళానిధి మనిషి మనసు గురించి మాట్లాడి, ఇప్పుడు మన అచిత్తు తన అనుభవం చెబుతాడని మైకు ముందుకు బుల్లెంకన్నను తోశాడు. జోగారావు పక్కనే ఉత్తర్వు పట్టుకుని నిలబడ్డాడు. కాగితం గాలికి రెపరెపలాడుతోంది.

"అందరికీ నమస్కారమండి" అన్నాడు బుల్లెంకన్న. "మొన్న ఎర్రనీరు వచ్చినపుడు ఆ తలుపులు ఎత్తిందండి..."

ఆగాడు. ఎదురుగా గట్టు, గట్టు వెనక ఊరు, ఊళ్ళో వానకు తడిసి ఇంకా ఆరని గోడలు కనబడుతున్నాయి. పందిట్లో జనం మెడలు సాచారు. డాక్టరు కంగారుపడి వెనక నుంచి అందించాడు. "నాదేమీ లేదు అను. అను."

బుల్లెంకన్న వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించి, రహస్యంగా చెప్పబోయాడు. కాని మైకు ఆయన గడ్డం దగ్గరే ఉంది.

"అందామనే వచ్చానండి. అహం అడ్డొస్తోందండి."

మైకు మంచిది. ఆ మాట పందిరి దాటి, కాలవ దాటి, అవతలి రేవులో బట్టలుతుకుతున్న వాళ్ళదాకా పోయింది. జోగారావు చేతిలో కాగితాన్ని నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న మంగాయమ్మ లేచి, కొంగు నడుముకు దోపుకుని, "సామాన్లు సర్దుకోవాలండి, వెళ్ళొస్తాను" అని పక్కావిడతో చెప్పి, పెంకుటింటి వైపు నడిచింది.